నేను లేకపోతే

ఇంకొకరి సొంత కాగితాలు చదవాలన్న కోరిక ఎక్కడ పుడుతుందో నాకు కొంత తెలుసు. పెద్దవాళ్ల జీవితం నుంచి నేర్చుకోవడానికని పైకి చెప్పుకుంటాం. ట్రూమన్ ఏంజెల్ రాతలు నేను చదవడం మొదలుపెట్టింది మాత్రం అందుకు కాదు. ఆయన ఎక్కడ కుంగిపోయాడో, ఎక్కడ మనసు నొచ్చుకున్నాడో, తన కష్టానికి రావలసిన పేరు ఎవరికి పోయిందని బాధపడ్డాడో చూడాలని మొదలుపెట్టాను. అలాంటి చోటు ఒకటి దొరికితే నా బాధకు ఒక పెద్దమనిషి తోడు దొరుకుతాడని లోలోపల ఆశ.

ఏంజెల్ 1810లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పుట్టాడు. పదిహేడేళ్లకు వడ్రంగం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1833లో, అప్పటికి పుట్టి మూడేళ్లయిన మోర్మన్ అనే మత సంఘంలో చేరాడు. ఒహాయోలోని కర్ట్‌లండ్‌లో వాళ్ల మొదటి ఆలయానికి, ఇల్లినాయ్ రాష్ట్రం నావూలో తర్వాతి ఆలయానికి కొయ్యపని చేశాడు. 1847లో బ్రిగమ్ యంగ్ నడిపించిన మొదటి బృందంతో పాటు సాల్ట్ లేక్ లోయకు చేరాడు. ఆపైన సంఘానికి ఆర్కిటెక్ట్ అయ్యాడు. సాల్ట్ లేక్ సిటీలో ఆరు శిఖరాలతో కనిపించే రాతి ఆలయానికి ప్లాను ఆయనదే. దానికి 1853లో శంకుస్థాపన జరిగింది. ప్రతిష్ఠ జరిగింది 1893లో. ఏంజెల్ 1887లోనే కన్నుమూశాడు. కొన్ని డైరీలు, ఉత్తరాలు, ముసలితనంలో రాసుకున్న ఒక చిన్న ఆత్మకథ మిగిలాయి.

నేను చాలా ఏళ్లు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. షీటు కుడివైపు కింది మూలన పేర్ల గడులుంటాయి. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. నా పొడి సంతకం మొదట్లో మొదటి గడిలో ఉండేది, తర్వాత రెండో గడికి మారింది. మూడో గడి ఎప్పుడూ వేరొకరిది. భవనం ప్రారంభమైన మర్నాడు పేపర్లో వచ్చే పేరు ఆ మూడో గడిలోది. ఇందులో అన్యాయమేమీ లేదు. కట్టడం కూలితే జైలుకు వెళ్లవలసింది కూడా ఆ పేరుగల మనిషే. ఇంత తెలిసినా ఆ పేపరు చూసినప్పుడు నాలో ఏదో గుచ్చుకునేది. దానికి ఆత్మాభిమానమని పేరు పెట్టుకుని చాలాకాలం కాపాడుకుంటూ వచ్చాను. అసూయ అనే మాట నాకు ఆలస్యంగా తట్టింది. తట్టినా ఒప్పుకోవడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఇక్కడ ఇంకో మనిషిని గురించి చెప్పాలి. నావూ ఆలయానికి ఆర్కిటెక్ట్ ఏంజెల్ కాదు, విలియం వీక్స్. నేను వెతుక్కుంటున్న నొప్పి నాకు మొదట దొరికింది ఈయన దగ్గరే. గోడల్లో గుండ్రటి కిటికీలు ఉండాలని సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ అన్నాడు. అలా పెట్టడం కట్టడాల శాస్త్రానికి విరుద్ధమని వీక్స్ అభ్యంతరం చెప్పాడు. తనకు దర్శనంలో కనిపించినట్టే కట్టాలని స్మిత్ పట్టుబట్టాడు. కిటికీలు గుండ్రంగానే వచ్చాయి. 1844లో స్మిత్ హత్యకు గురయ్యాడు. 1846లో సంఘం ఊరు ఖాళీ చేసి పడమటికి కదిలినప్పుడు వీక్స్‌ను వెంట రమ్మన్నారు. మిగిలిన ఆలయం పని ఏంజెల్‌కు అప్పగించారు. వీక్స్ వెళ్లాడు గానీ, తర్వాత సంఘాన్నే వదిలేసి వెనక్కి వచ్చేశాడు. తను లేకుండా వాళ్లు ఇంకో ఆలయం కట్టలేరని ఆయన అన్నట్టు, ఆయన సాయం లేకుండానే కట్టుకోగలమని బ్రిగమ్ యంగ్ కబురు పంపినట్టు చరిత్రకారులు రాశారు.

అది చదివి పుస్తకం మూశాను. నేను లేకపోతే పని ఆగిపోతుంది. ఈ మాట పైకి అనే ధైర్యం నాకెప్పుడూ లేదు. లోపల మాత్రం ఏళ్ల తరబడి దాన్నే ఊతంగా పట్టుకుని నడిచాను. ఉద్యోగం విరమించిన రోజున ఒక కుర్రవాడు నా టేబులు దగ్గరికి వచ్చి, "మీరు లేకపోతే ఎలా సార్?" అన్నాడు. "అన్నీ అవే నడుస్తాయి నాయనా" అన్నాను. ఆ జవాబు మర్యాదగా ఉంది, అనుభవం ఉన్నవాడి మాటలా ఉంది. కానీ ఆ తర్వాత వారాల తరబడి ఫోను మోగినప్పుడల్లా ఆఫీసు నుంచేమో అని చూశాను. ఫలానా పాత భవనంలో స్తంభాన్ని ఎందుకు జరిపారో, ఆ మార్పు ఏ షీటులో ఉందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అడగక ఏం చేస్తారు అనుకున్నాను.

ఎవరికీ తెలియదన్న సంగతి దానంతట అది జరగలేదని ఇప్పుడు అనిపిస్తోంది. రాసిపెట్టమని ఎవరూ అడగలేదు, అది నిజం. అడగకుండానే రాసిపెట్టి ఉండవచ్చు, అదీ నిజమే. రాసిపెట్టకపోవడానికి బద్ధకం కారణమని ఇన్నాళ్లూ అనుకున్నాను. బద్ధకం ఒప్పుకోవడం తేలిక, దానికి పెద్ద పరువు నష్టం ఉండదు. దాని వెనక ఇంకోటి ఉంది. రాసిపెడితే నన్ను అడగవలసిన అవసరం తీరిపోతుంది. ఆ అవసరాన్ని నేను పెంచి పోషించాను.

వీక్స్ కథలో మిగతా భాగం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని కూడా దాచకుండా చెప్పాలి. నావూ ఆలయాన్ని 1848లో ఎవరో తగలబెట్టారు. మిగిలిన గోడల్లో ఎక్కువ భాగం 1850లో సుడిగాలికి కూలిపోయింది. వీక్స్ మాత్రం తన డ్రాయింగులు దగ్గరే ఉంచుకున్నాడు. 1900లో ఆయన పోయాక అవి కుటుంబంలోనే ఉండిపోయాయి. 1948లో ఆయన మనవడు కాలిఫోర్నియాలో తన ఊరికి వచ్చిన మోర్మన్ ప్రచారకుల చేతికి వాటినిచ్చాడు. ఆలయాన్ని మళ్లీ కట్టినప్పుడు ఆ షీట్లే ఆధారమయ్యాయి. 2002లో ప్రతిష్ఠ జరిగింది. చదవగానే, చూశారా, చివరికి ఆయన లేకుండా కట్టలేకపోయారు అనుకున్నాను. ఎవరో నా తరఫున గెలిచినట్టు ఉంది.

కాసేపటికి ఆ సంతోషం మీదే అనుమానం వచ్చింది. అందులో గెలుపు ఎవరిది? ఆలయం మళ్లీ లేచేసరికి బ్రిగమ్ యంగ్ పోయి శతాబ్దం దాటింది. వీక్స్ కూడా లేడు. కాగితాలు చేతులు మారిన రోజున పాత పంతం గుర్తున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. మతం వదిలేసిన మనిషి, తన ఆలయం కాలిపోయిన మనిషి, ఎవరికీ అక్కరలేని షీట్లను అర్ధ శతాబ్దం పాటు ఎందుకు దాచుకున్నాడు? ఎప్పటికైనా నా దగ్గరికి రాకపోతారా అని నేను దాచుకుని ఉండేవాణ్ణి. అందుకని ఆయనా అలాగే దాచి ఉంటాడని తేల్చేశాను. చేసిన పని మీద ప్రేమ కొద్దీ దాచి ఉండవచ్చన్న ఆలోచన నాకు రెండోసారి చదివితే గాని రాలేదు. ముందుగా తట్టే కారణం మన సొంత గుణమే అవుతుందని అప్పుడు గ్రహించాను. ఎదుటివాడి మనసుకు అర్థం చెప్పేటప్పుడు నా దగ్గరున్న సరుకునే ఆయనకు అంటగడుతున్నాను.

ఏంజెల్ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఈయన వీక్స్‌లా ఎదిరించినవాడు కాదు. అక్క మేరీ ఆన్ బ్రిగమ్ యంగ్ భార్య. బావ సంఘానికి అధ్యక్షుడు, పని చెప్పేవాడూ ఆయనే. ఆలయం తూర్పున మూడు, పడమటన మూడు శిఖరాలతో ఎలా ఉండాలో యంగ్ పలక మీద గీసి చూపించాడని అక్కడ పనిచేసిన విలియం వార్డ్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ పలక మీది గీతను కొలతల్లోకి, రాళ్లలోకి దించడం ఏంజెల్ పని. పెద్దగా బడి చదువు లేని వడ్రంగికి అది ఎంత బరువో ఊహించగలను. 1856లో ఆయన్ని కట్టడాలు చూసి రమ్మని ఇంగ్లండుకు పంపారు. నలభై అయిదు దాటిన వయసులో ఇల్లు వదిలి అంతదూరం వెళ్లి, ఏడాది తర్వాత తిరిగి వచ్చి మళ్లీ డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నాడు.

1861లో ఆరోగ్యం పాడై పదవి వదులుకున్నాడు. ఆ స్థానంలోకి విలియం ఫోల్సమ్ వచ్చాడు. 1867లో ఏంజెల్‌ను మళ్లీ పిలిచారు. ఆనాడు డైరీలో ఆయన తనను మట్టిలో పురుగుతో పోల్చుకున్నాడు. ఇంతటి అల్పుణ్ణి సోదరులు ఆర్కిటెక్టుగా నిలబెట్టదలిస్తే, వాళ్లకు సేవ చేసి తలవంపులు తేకుండా ఉండాలని రాసుకున్నాడు. చదివి నొసలు చిట్లించాను. ఇంత వినయం నమ్మదగింది కాదనిపించింది. ఆరేళ్లు పక్కన ఉండి, మళ్లీ పిలుపు వచ్చినవాడికి లోపల గర్వం ఉండదా? ఆ గర్వాన్ని కప్పడానికే ఈ మాట అనుకున్నాను.

అలా ఎందుకు అనుకున్నానో చెప్పడం కష్టంగానే ఉంది. నా వినయం అలాంటిది కాబట్టి. "నాదేముందండీ, నేను గీతలు గీసేవాణ్ణి" అని చాలాసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ ఎదుటివారు "అలా అనకండి, అసలు పనంతా మీదే" అనేదాకా ఆగాను. అనకపోతే మనసు చిన్నబోయేది, ఆ రోజంతా వాళ్ల మీద కోపం ఉండేది. నేను లేకపోతే ఎలా అన్న గర్వం, నాదేముంది అన్న వినయం నాలో రెండు వేర్వేరు గుణాలని అనుకునేవాణ్ణి. రెండూ ఒకే మాట వినాలని ఎదురుచూసేవని ఇప్పుడు తెలుస్తోంది. ఏంజెల్ ఆ మాట రాసుకున్నది డైరీలో, అక్కడ కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఈ ఒక్క తేడా చాలు, ఆయన వినయాన్ని నా వినయంతో తూచకూడదు.

అలసట సంగతి కూడా చెప్పాలి. ఏంజెల్ రాతల్లో నీరసం, జబ్బు, ఇంటి అవసరాలు తీర్చలేకపోతున్నానన్న దిగులు మళ్లీ మళ్లీ వస్తాయి. సంఘం పనులకు కూలి చాలావరకు దశమ భాగంగా వసూలైన ధాన్యం, సరుకుల రూపంలో వచ్చేది. ఆలయం ఒక్కటే కాదు, యంగ్ నివాసాలు, సభాభవనాలు, చక్కెర ఫ్యాక్టరీ, అన్నిటికీ ఆయనే గీయాలి. ఆ ఫ్యాక్టరీలో చక్కెర సరిగా రాలేదు. ఫిల్‌మోర్ ఊళ్లో రాజధాని కోసం నాలుగు విభాగాల భవనం గీస్తే ఒక్కటే లేచింది, రాజధాని తిరిగి సాల్ట్ లేక్‌కు వెళ్లిపోయింది. ఈ అలసటల దగ్గర నేను నెమ్మదిగా, ఇష్టంగా చదివాను. పెద్ద పనులు చేసిన మనిషి కూడా ఇలా డీలాపడ్డాడంటే, నేను సగంలో వదిలేసినవాటికి ఒక క్షమాపణ దొరికినట్టు అనిపించింది. ఆయన నీరసాన్ని మాత్రం తెచ్చుకుని, ఆ మర్నాడు ఆయన గీసిన షీటును అక్కడే వదిలేశాను.

ఆలయం పునాది సంగతి చదివితే ఆ క్షమాపణ నిలవలేదు. 1858లో అమెరికా ప్రభుత్వ సైన్యం వస్తోందని అయిదేళ్ల శ్రమతో కట్టిన పునాదిని మట్టితో పూడ్చి, పైన దున్నిన చేనులా కనిపించేట్టు చేశారు. గొడవ సద్దుమణిగాక, 1860ల మొదట్లో తవ్వి చూస్తే పగుళ్లు కనిపించాయి. పెద్ద రాళ్ల సందుల్లో చిన్న రాళ్లు, సున్నం కూరిన చోట్ల బలం చాల్లేదు. లోపమున్న భాగాన్ని తీసేసి మళ్లీ కట్టారు. అడుగున తొమ్మిది అడుగుల మందం ఉన్న గోడలను మోసే పునాది అది. సరిగ్గా అప్పుడే ఏంజెల్ పదవిలో లేడు. ఆ చోట నేనుంటే ఏం ఆలోచించేవాణ్ణో నాకు బాగా తెలుసు. రాయి నేను ఎంచలేదు, సున్నం నేను కలపలేదు, పూడ్చమన్నది నేను కాదు అని మనసులో వాదన సిద్ధమయ్యేది. పగులు ఎంత లోతో చూడడం కన్నా అది ఎవరి ఖాతాలో పడుతుందో చూడడం నాకు ముందొచ్చేది. తప్పు ఎవరిదని అడగకముందే జవాబు తయారుచేసుకునే ఈ అలవాటు, పని మీద భక్తి ఉన్నవాడికి ఉండదు. పేరు మీద భక్తి ఉన్నవాడికి ఉంటుంది. ఏంజెల్ అదే పునాది దగ్గరికి 1867లో తిరిగి వచ్చి, ఇరవై ఏళ్లు, ప్రాణం పోయేదాకా పనిచేశాడు.

ఇంటి విషయానికి వస్తే, ఆ సంఘంలో అప్పుడు బహుభార్యత్వం ఉండేది, ఏంజెల్‌కూ ఒకరికి మించి భార్యలున్నారు. మొదటి భార్య పాలీ 1832 నుంచి ఆయనతో ఊరూరా తిరిగింది. ఆమె కష్టం మనకు ఆ డైరీల్లో ఆయన చేతి రాతలో, ఆయన దిగులుగా కనిపిస్తుంది. ఇంట్లో లేమి ఉంటే అది 'నేను తీర్చలేకపోతున్నాను' అనే వాక్యంగా మారుతుంది. అందులో బాధ నిజమే. కాని ఆ వాక్యానికి కర్త ఆయనే. ఇది చూశాక నా పాత డైరీలు తీశాను. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన రోజుల్లో నేను రాసుకున్నదంతా నా వెన్నునొప్పి, నా మీద పడ్డ భారం. వంటింట్లో దీపం వెలుగుతూ ఉందంటే అన్నం వేడిచేయడానికి ఒక మనిషి మేలుకుని ఉందన్నమాట, ఆ సంగతి ఎక్కడా లేదు. కుటుంబం కోసమే కష్టపడుతున్నానని చాలాచోట్ల ఉంది. ఆ మాట నేను కుటుంబానికి రాసింది కాదు. ఎప్పుడైనా ఎవరైనా చదివితే నన్ను త్యాగమూర్తి అనుకోవాలని రాసింది.

ఎవరో చదువుతారన్న ఊహ మన రాతను ఎంత మార్చేస్తుందో ఆ ఆలయమే ఒకచోట చూపిస్తుంది. 1892లో తూర్పున మధ్య శిఖరం కొసన ఉన్న రాతిగుండులో పుస్తకాలు, నాణేలు పెట్టి మూసేశారు. రాబోయే తరాల కోసం ఎంచి పెట్టిన కాగితాలవి. భూకంపాలను తట్టుకునేలా ఆలయాన్ని పటిష్ఠం చేసే పనిలో భాగంగా 2020 మేలో ఆ గుండు దించి తెరిచారు. నాణేలు దాదాపు 400 దాకా బయటపడ్డాయి. పుస్తకాలు చెమ్మకు నాని, కాంక్రీటుకు అంటుకుపోయి పాడైపోయాయి. ఏంజెల్ తన కోసం రాసుకున్న నీరసపు డైరీలు మాత్రం ఇవాళ్టికీ చదవగలుగుతున్నాం. ఇందులో దైవ న్యాయం ఏదో ఉందని నేను అనను. రాయి కన్నా గది పొడిగా ఉంది, అంతే కారణం. కాని ఆ రెండు రకాల కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే నా అలమరలో ఏవి ఉన్నాయో అడగక తప్పలేదు. అభినందన ఉత్తరాలు, సన్మానం రోజు ఫొటో, పేపరు ముక్కలు ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. వెనక్కి తిప్పి పంపిన షీట్లు, ఎర్ర సిరాతో దిద్దినవి ఒక్కటీ లేవు. వాటిని నేనే ఏరి పారేశాను. పారేసిన రోజున ఇల్లు సర్దుతున్నాననే అనుకున్నాను.

ఇప్పుడు ఒక పని మొదలుపెట్టాను. పాత భవనాల్లో చేసిన మార్పులు, వాటి కారణాలు గుర్తున్నంతవరకు రాస్తున్నాను, ఆ కుర్రవాడికి ఇవ్వడానికి. మొదటి పేజీ రాసేటప్పుడే నా పేరు ఎక్కడ వేయాలా అన్న ఆలోచన వచ్చింది. వేయకపోతే ఎవరు రాశారో తెలియదు కదా అని ఒక కారణం, సమాచారానికి బాధ్యత ఉండాలి కదా అని ఇంకో కారణం వెంటనే తయారయ్యాయి. రెండూ మంచి కారణాలే. అందుకే వాటిని నమ్మడానికి భయంగా ఉంది. చెడ్డ కోరిక ఎప్పుడూ మంచి కారణం చేయి పట్టుకునే నా దగ్గరికి వస్తుంది.

పేరు కోరుకోవడం పాపమని నేను అనుకోవడం లేదు. ఏంజెల్ మనసులోనూ ఆ కోరిక ఉండే ఉంటుంది, మనిషి కదా. ఆలయం లోపలి గదుల అమరిక చివరికి ఆయన మొదట అనుకున్నట్టు రాలేదు, ఆయన తర్వాత వచ్చిన డాన్ కార్లోస్ యంగ్ దాన్ని మార్చి పూర్తిచేశాడు. నలభై ఏళ్లు పట్టిన కట్టడం ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తి కాదు. అయితే పూర్తయ్యేసరికి తను ఉండనని, ఉన్నా తన గీత అలాగే నిలవదని తెలిసిన తర్వాత కూడా సరిగ్గా గీయాలన్న పట్టుదల మిగలడం ఎలా సాధ్యం? ఆ పట్టుదల పేరు మీద ఆశ నుంచి మాత్రమే పుట్టదు. నాలో అది ఎంత ఉందో నేనెప్పుడూ కొలవలేదు. కొలిచే అవకాశం వచ్చినప్పుడల్లా ప్రశంస ముందొచ్చి అడ్డుపడేది. అప్పుడు నాకది అడ్డమని తోచలేదు.

మీ పనిలోనూ ఇంకొకరికి తెలియనివ్వకుండా ఉంచిన విషయం ఏదో ఉండవచ్చు. వంటలో ఒక కొలత, లెక్కల్లో ఒక కిటుకు, ఆఫీసులో ఒక ఫైలు. దాన్ని చెప్పకపోవడానికి తీరిక లేదని అనుకుంటూ ఉండవచ్చు. అది నిజంగా తీరిక లేకపోవడమేనా అని నేను మిమ్మల్ని అడగలేను, నన్ను నేను అడుక్కుంటున్నాను. రాస్తున్న నోటుపుస్తకం మీద పేరు వేయకుండానే ఇవ్వాలని నిన్న నిర్ణయించుకున్నాను. ఇవాళ పొద్దున ఆ నిర్ణయాన్ని ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాలనిపించడం కూడా ఆ పాత కోరికేనని నాకు తెలుసు. తెలిసినా రాత ఆపలేదు. కోరిక పూర్తిగా పోయాక పని మొదలుపెడదామని కూర్చుంటే, ఆ స్తంభాన్ని ఎందుకు జరిపామో ఆ కుర్రవాడికి ఎప్పటికీ తెలియదు.